ఆర్గాన్ వెల్డింగ్ టార్చి: గాలిదా, నీటిదా? ఎంపిక, అమరిక, సంరక్షణ

పోయిన వేసవిలో మా మేనల్లుడు సూళ్లూరుపేట నుంచి వచ్చి చెన్నైలోని అంబత్తూరులో చిన్న షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. హోటళ్లకు ఇడ్లీ స్టీమర్లు, స్టీలు బల్లలు, సింకులు చేసిచ్చే పని. 200 ఆంపియర్ల ఇన్వర్టర్ వెల్డింగ్ మిషను కొన్నాడు గానీ టార్చి, అంటే అతికేటప్పుడు చేత్తో పట్టుకునే పరికరం, దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. ‘మామయ్యా, నీళ్లతో చల్లబడే టార్చి తీసుకోమంటున్నారు దుకాణంలో. అదొక్కటి ఉంటే ఇక మరొకటి కొనే పనే ఉండదట. తీసుకోమంటావా?’ అని ఫోను చేశాడు.

‘రోజూ నువ్వు అతికే రేకు మందమెంత?’ అని అడిగాను.

‘1.2 మిల్లీమీటర్లు. ఎక్కువలో ఎక్కువ 2.’

‘షెడ్డులో నీళ్లెక్కడివి?’

‘బోరు నీళ్లు మామయ్యా. తాగడానికి క్యాన్లు తెప్పిస్తాం.’

ఆ రెండు జవాబులతో నాకు విషయం తేలిపోయింది. అతనికి గాలితో చల్లబడే 17వ నంబరు టార్చి చాలు. నీటి టార్చి కొంటే డబ్బు పోవడమే కాదు, ఆరు నెలలు తిరగకుండా కేబుల్ కాలే ప్రమాదమూ ఉంది. మిషను మీద రాసిన ఆంపియర్లు చూసి టార్చి కొనేవాళ్లను చాలామందిని చూశాను. చూడవలసింది అది కాదు. మీరు రోజూ ఎంత కరెంటుతో, ఆపకుండా ఎంతసేపు అతుకుతారు, దానికి మీ షెడ్డులో ఏ సదుపాయం ఉంది అన్నవే చూడాలి. టార్చిని ఎంచుకోవడమంటే రోజూ దానికి చేయవలసిన చాకిరీని కూడా ఎంచుకోవడమే.

నంబర్ల వెనుక ఉన్న లెక్క

ఆర్గాన్ వెల్డింగ్‌లో టంగ్‌స్టన్ అనే లోహపు రాడ్డు కరగదు, ఆర్కును (లోహాన్ని కరిగించే విద్యుత్ మంటను) నిలబెడుతుంది అంతే. అది కరగాలంటే 3,400 డిగ్రీల సెల్సియస్ దాటాలి. టార్చి లోపల కొలెట్ అనే చిన్న రాగి గొట్టం టంగ్‌స్టన్ రాడ్డును పట్టుకుని కరెంటు అందిస్తుంది. చుట్టూ ఉన్న పింగాణీ నాజిల్ నుంచి ఆర్గాన్ వచ్చి, కరిగిన లోహానికీ కాగిన టంగ్‌స్టన్‌కూ గాలి తగలకుండా కప్పుతుంది. 1940ల మొదట్లో అమెరికాలోని నార్త్రాప్ విమాన సంస్థలో రస్సెల్ మెరెడిత్ మెగ్నీషియం భాగాలను అతకడానికి ఈ పద్ధతిని రూపొందించినప్పుడు వాడిన వాయువు హీలియం. ఆర్గాన్ తర్వాత వచ్చింది. మన షెడ్లలో పేరు కూడా దానిదే స్థిరపడింది, టిగ్ (టంగ్‌స్టన్ ఇనర్ట్ గ్యాస్) అనేకన్నా ఆర్గాన్ వెల్డింగ్ అనేవాళ్లే ఎక్కువ.

కరెంటు పారడం వల్లా, ఎదురుగా మండే ఆర్కు వల్లా టార్చి తలలో పుట్టే వేడిని ఏదో ఒకటి బయటికి తీసుకుపోవాలి. ఆర్గాన్, చుట్టూ ఉన్న గాలి ఆ పని చేస్తే అది గాలి టార్చి. పంపు తోసే నీళ్లు చేస్తే నీటి టార్చి. మార్కెట్లో నంబర్లు ఇలా నడుస్తున్నాయి: గాలితో చల్లబడేవి 9, 17, 26. వరుసగా 125, 150, 200 ఆంపియర్ల స్థాయివి. నీటివి 20, 18. ఇవి 250, 350 ఆంపియర్ల స్థాయివి. 9, 20 చిన్న తలవి, సింకు మూలల్లో, ఇరుకు చోట్ల చేతికి బాగా ఒదుగుతాయి. 26 తల బరువు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సన్నని రేకు మీద దాన్ని పట్టుకుంటే మణికట్టు లాగేస్తుంది.

ఈ అంకెలతో పాటు ఒక శాతం కూడా ఉంటుంది, దాన్ని తప్పకుండా చదవండి. 60 శాతం అంటే ప్రతి పది నిమిషాల్లో ఆరు నిమిషాలు ఆర్కు వేసి, నాలుగు నిమిషాలు ఆపాలి. 35 శాతమైతే మూడున్నర నిమిషాలే. ఒకే 17వ నంబరు టార్చికి ఒక తయారీదారు 60 శాతం లెక్క ఇస్తే మరొకరు 35 శాతం లెక్క ఇస్తారు. రెండు పెట్టెల మీదా 150కి దగ్గరి అంకే కనిపిస్తుంది గానీ లోపలి సరుకు ఒకటి కాదు. ఏసీ కరెంటుతో అల్యూమినియం అతికితే ఆ సామర్థ్యం ఇంకా తగ్గుతుంది. పైగా మిషన్ల సామర్థ్యాన్ని పరీక్షించేది 40 డిగ్రీల వాతావరణంలో. మే నెలలో ఇక్కడ రేకుల కప్పు కింద ఆ గీత దాటడం మామూలు. అందుకే పెట్టె మీది అంకెలో నాలుగింట మూడు వంతులే మనదనుకుని కొనమంటాను.

ఆ లెక్కన చూద్దాం. 1.2 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ రేకుకు 40, 50 ఆంపియర్లు సరిపోతాయి. 3 మిల్లీమీటర్లకు 110, 120 దాకా కావాలి. హోటలు సామాను చేసేవారికి, గ్రిల్లు, రెయిలింగు పనివారికి 17 హాయిగా సరిపోతుంది. 3, 4 మిల్లీమీటర్ల పని రోజూ ఉన్నవారికి 26. ఆరు మిల్లీమీటర్ల అల్యూమినియానికి 200 ఆంపియర్లు దాటాలి కాబట్టి అక్కడ గాలి టార్చి తట్టుకోదు. 18 కొనక తప్పదు. మందమైన రాగి పని కూడా అంతే.

ఇంకొక చిన్న విషయం, దుకాణంలో పొరపాటు జరిగేది ఇక్కడే. 17, 26, 18 టార్చిలకు కొలెట్లు, నాజిళ్లు ఒకే వరుసవి. 9, 20లకు మరో వరుస. అంటే ఈరోజు 17 కొన్నవారు రేపు 18కి మారినా పెట్టెలోని విడిభాగాలు పనికివస్తాయి. 9 నుంచి 18కి మారితే రావు. ముందుముందు పెద్ద పని చేయాలనే ఆలోచన ఉన్నవారు దీన్ని లెక్కలో పెట్టుకోవాలి.

నీటి టార్చి కొనే ముందు నీళ్ల సంగతి

నీటి టార్చి మంచిదే. తల చిన్నది, పట్టు తేలిక, రోజంతా చేసినా చెయ్యి కాలదు. కాకపోతే దాని కేబుల్ ఎలా ఉంటుందో తెలిసి కొనాలి. నీళ్లు ఒక గొట్టంలో టార్చి తల దాకా వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు కరెంటు తీగ ఉన్న గొట్టంలోంచే వస్తాయి. తీగ నీళ్లలో మునిగి ఉంటుందన్న ధైర్యంతోనే దాన్ని సన్నగా చేస్తారు. నీళ్లు ఆగాయా, ఆ సన్నని రాగి 200 ఆంపియర్లను మోయలేదు. గొట్టం మెత్తబడి, ఉబ్బి, చూస్తుండగానే చిల్లు పడుతుంది. కరెంటున్న చోట నీళ్లు కారడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

నీళ్లు ఆగడానికి కారణం చాలాసార్లు పంపు కాదు, మనం పోసిన నీళ్లే. చెన్నై శివార్లలో బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. బకెట్ అంచున తెల్లటి పొర కట్టే నీళ్లు టార్చి లోపలి సన్నని దారిలో ఏం చేస్తాయో ఊహించుకోండి. తాగే క్యాను నీళ్లు పోస్తే సరిపోతుందనుకుంటారు. ఆర్వో నీళ్లలోనూ కొంత ఉప్పు మిగులుతుంది, రుచి కోసం మళ్లీ కలిపేవాళ్లూ ఉన్నారు. ఏసీ నుంచి కారిన నీళ్లు పట్టి పోసేవాళ్లను కూడా చూశాను. అవి చూడటానికి స్వచ్ఛంగానే ఉన్నా ఏసీ లోపలి దుమ్మునూ బూజునూ మోసుకొస్తాయి. కారు రేడియేటరు ద్రవం అసలే వద్దు. అందులోని కొన్ని పదార్థాలు సన్నని దారులను మూసేస్తాయి. పైగా ఆ ద్రవంలో కరెంటు పారితే ఆర్కు మొదలుపెట్టే హై ఫ్రీక్వెన్సీ శక్తి అందులోకే జారిపోయి, ఆర్కు అంటుకోవడానికి మొరాయిస్తుంది.

పోయవలసింది టార్చి తయారీదారు చెప్పిన కూలెంటు, అంటే చల్లబరిచే ద్రవం. అది దొరికే దాకా బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్‌తో గడపవచ్చు, కానీ దాన్నే శాశ్వతం చేస్తే నాచు పడుతుంది, రాగి తుప్పు పడుతుంది. ట్యాంకు మూత ఎప్పుడూ మూసి ఉండాలి. నెలకొకసారి తిరిగి వచ్చే గొట్టాన్ని ఊడదీసి, మిషను ఆర్కు వేయకుండా పంపు ఒక్కటే నడిపి, ఒక నిమిషంలో ఎన్ని నీళ్లు వస్తాయో సీసాలో పట్టి చూడండి. లీటరుకు తగ్గితే ఎక్కడో అడ్డుపడుతున్నట్టే. నీళ్లు ఆగితే మిషనును దానంతటదే ఆపే ఫ్లో స్విచ్చి లేని కూలరు (టార్చికి నీళ్లు తిప్పే ట్యాంకు, పంపు ఉన్న పెట్టె) కొనకండి. ఈ విషయంలో నేను బేరమాడను, ఎవరినీ ఆడనివ్వను.

ఇంత చాకిరీ చేయగలిగినవారికి, చేయవలసిన పని ఉన్నవారికి నీటి టార్చి. మిగతావారికి గాలి టార్చే మేలు. నెలకు ఒకటి రెండు సార్లు వచ్చే లావు పనికి 26 చాలు, మధ్యమధ్య ఆపి చల్లారనివ్వాలి అంతే.

టార్చి మీద వాల్వా, స్విచ్చా?

17, 26 నంబర్లలో రెండు రకాలు దొరుకుతాయి. ఒకదానికి తల దగ్గరే ఆర్గాన్ తిప్పే చిన్న వాల్వు ఉంటుంది. రెండోదానికి పిడి మీద స్విచ్చి ఉంటుంది, నొక్కితే గ్యాసూ కరెంటూ మిషనే చూసుకుంటుంది. వాల్వు టార్చి చవక. మామూలు రాడ్డు వెల్డింగ్ ఇన్వర్టర్‌కు కూడా తగిలించవచ్చు. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దానివైపు మొగ్గుతారు.

ఆ చవకకు చెల్లించే మూల్యం ఏమిటో చెబుతాను. స్విచ్చి లేదంటే, మిషను ఆన్‌లో ఉన్నంతసేపూ టంగ్‌స్టన్ కొనలో కరెంటు ఉన్నట్టే. ఖాళీగా ఉన్నప్పుడు 60 నుంచి 80 వోల్టుల దాకా ఉంటుంది. టార్చిని ఇనుప బల్ల మీద పడేస్తే అక్కడే ఆర్కు. చెమటతో తడిసిన చేత్తో టంగ్‌స్టన్ మారుస్తూ మరో చేత్తో బల్ల పట్టుకుంటే షాకు. చెన్నైలో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా గ్లవ్స్ ఒక గంటకే తడిసిపోతాయి. తడి తోలు మనను కాపాడదు. రెండో కష్టం, ఆర్కు ఆపాక వాల్వు మూయడం మరిచిపోవడం. భోజనానికి వెళ్లి వచ్చేసరికి సిలిండరు ముల్లు దిగిపోయి ఉంటుంది. మూడోది, ఇలాంటి మిషన్లలో ఆర్కు మొదలుపెట్టాలంటే టంగ్‌స్టన్‌ను లోహానికి గీయాలి. గీసినప్పుడల్లా దాని ముక్క అతుకులో చిక్కుకునే అవకాశం ఉంది. గ్రిల్లులో అది ఎవరికీ పట్టదు. ఎక్స్‌రే తీసే పైపు పనిలో అదే తిరస్కరణకు కారణమవుతుంది.

కాబట్టి ఏడాదికి పదిసార్లు సైటు మీద పనిచేసేవారికి వాల్వు టార్చి ఫర్వాలేదు. రోజూ షెడ్డులో చేసేవారికి స్విచ్చి ఉన్నదే, హై ఫ్రీక్వెన్సీతో ఆర్కు అంటుకునే మిషనే. ఒక్క హెచ్చరిక: గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు డాక్టరును అడగకుండా దాని దగ్గరికి రాకూడదు.

ఫ్యాను, గ్యాస్ లెన్సు

మన ఊళ్ల నుంచి వచ్చిన ప్రతి కుర్రాడూ ఇక్కడ మొదటి రోజే ఫ్యాను అడుగుతాడు. అడగడం న్యాయమే, ఆ ఉక్కపోత అలాంటిది. కానీ ఫ్యాను గాలి నేరుగా అతుకు మీదికి వస్తే ఆర్గాన్ పొర చెదిరిపోయి అతుకంతా సన్నని చిల్లులు పడతాయి. నల్లగా గరుకుగా తేలుతుంది. సెకనుకు రెండు మీటర్ల గాలి కూడా ఆ పొరను చెదరగొట్టగలదు. మధ్యాహ్నం సముద్రం గాలి తిరిగాక తూర్పు తలుపు తెరిచి ఉంటే అదే జరుగుతుంది. అప్పుడు చాలామంది చేసే పని, గ్యాసు పెంచడం. నిమిషానికి 8 లీటర్లున్నదాన్ని 18కి తిప్పుతారు. నాజిల్‌లోంచి ఆర్గాన్ సుడులు తిరుగుతూ వచ్చి బయటి గాలిని తనతో పాటే లాగుతుంది. రోగం పెరుగుతుంది, సిలిండరు ఖాళీ అవుతుంది. 7 ఘన మీటర్ల సిలిండరు అంటే 7,000 లీటర్లు. నిమిషానికి 8 లీటర్ల చొప్పున పద్నాలుగున్నర గంటలు వస్తుంది. 18 లీటర్ల చొప్పున సుమారు ఆరున్నర గంటలకే అయిపోతుంది.

ఇక్కడే గ్యాస్ లెన్సు అక్కరకు వస్తుంది. కొలెట్‌ను పట్టి ఉంచే మామూలు కొలెట్ బాడీకి పక్కన చిన్న రంధ్రాలుంటాయి, ఆర్గాన్ వాటిలోంచి కొంత ఎగుడుదిగుడుగా వస్తుంది. గ్యాస్ లెన్సులో సన్నని స్టీలు జల్లెడలు పొరలుగా ఉంటాయి. వాటిలోంచి వచ్చే ఆర్గాన్ తిన్నగా, నిండుగా దిగుతుంది. మామూలు దానితో టంగ్‌స్టన్‌ను నాజిల్ అంచు నుంచి నాలుగైదు మిల్లీమీటర్లకు మించి బయటికి పెట్టడం మంచిది కాదు. లెన్సుతో 12 మిల్లీమీటర్లు పెట్టినా రక్షణ నిలుస్తుంది. ఇడ్లీ స్టీమరు లోపలి మూలలో అతుకు ఎక్కడ పడుతోందో కళ్లతో చూస్తూ చేయడానికి ఈ తేడా చాలా పెద్దది. స్టెయిన్‌లెస్ పని చేసే ఎవరికైనా లెన్సే కొనమంటాను. దానికి నాజిల్ వేరు, కొన్నింటికి మధ్య ఉండే ఇన్సులేటరు కూడా వేరు. మూడూ ఒకే వరుసవా కాదా అని కొనేటప్పుడే తగిలించి చూసుకోవాలి. లెన్సు ఉన్నంత మాత్రాన ఫ్యానుకు అనుమతి దొరికినట్టు కాదు. ఫ్యాను వీపు వైపు, కాళ్ల ఎత్తులో పెట్టి, బల్లకు మూడు వైపులా రేకు అడ్డం పెట్టండి.

నాజిల్ నంబరు అంగుళంలో పదహారో వంతుల లెక్క. 6 అంటే 9.5 మిల్లీమీటర్లు, 8 అంటే 12.7. సన్నని రేకుకు 6 లేదా 7, లావు పనికి 8.

టంగ్‌స్టన్ రంగు

ఎర్ర కొన ఉన్నది రెండు శాతం థోరియం కలిపినది. డీసీ కరెంటులో బాగా పనిచేస్తుంది, పాత వెల్డర్లకు దాని మీద ప్రేమ ఎక్కువ. కానీ థోరియం రేడియోధార్మిక పదార్థం. పెట్టెలో ఉన్నప్పుడు భయపడనక్కరలేదు. అసలు ముప్పు సాన పట్టేటప్పుడు లేచే దుమ్ముతో, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. తలుపు మూసిన షెడ్డులో, గుడ్డ కూడా కట్టుకోకుండా పదిహేడేళ్ల కుర్రాడు ఎర్ర రాడ్డు సాన పట్టడం నేను చూశాను. ఆ రోజు నుంచి నా దగ్గర ఎర్ర రాడ్డు లేదు.

నీలం కొనది రెండు శాతం లాంథనం, బంగారు రంగుది ఒకటిన్నర శాతం. వాటిలో రేడియోధార్మికత భయం లేదు, డీసీకీ ఏసీకీ రెండింటికీ పనికివస్తాయి. బూడిద రంగు సీరియం, తక్కువ కరెంటులో తేలిగ్గా అంటుకుంటుంది. ఆకుపచ్చది శుద్ధ టంగ్‌స్టన్, పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్ల మీద అల్యూమినియానికి వాడేవారు. నేటి ఇన్వర్టర్లకు అవసరం లేదు. ఒక్కటే కొనాలంటే నీలం కొనండి. 1.6 మిల్లీమీటర్లది సుమారు 70 నుంచి 150 ఆంపియర్లకు సరిపోతుంది. కొన సన్నగా సాన పట్టి ఉంటే ఇంకా తక్కువ కరెంటులోనూ నడుస్తుంది. 2.4 మిల్లీమీటర్లది 150 నుంచి 250 దాకా.

సాన ఎప్పుడూ రాడ్డు పొడవునా పట్టాలి, గీతలు కొన వైపు పరుగెత్తేలా. అడ్డంగా పడితే ఆర్కు కొన మీద నిలవక పక్కలకు తిరుగుతుంది. వాలు పొడవు రాడ్డు మందానికి రెండు, రెండున్నర రెట్లు. ఇనుము సాన పట్టిన రాయి మీద టంగ్‌స్టన్ పెట్టకూడదు, దానికొక రాయి విడిగా ఉండాలి.

మొదటి రోజు అమరిక

మేనల్లుడి షెడ్డులో ఆ పని నేనే దగ్గరుండి చేయించాను. సిలిండరును నిలబెట్టి గోడకు గొలుసుతో కట్టాం. రెగ్యులేటరు బిగించే ముందు, పక్కకు నిలబడి వాల్వును క్షణం తెరిచి మూశాం, వాల్వు నోట్లో ఉన్న దుమ్ము ఎగిరిపోవడానికి. రంగు చూసి కాదు, సిలిండరు మీద రాసిన పేరు చదివి తగిలించాలి.

తర్వాత టార్చి కేబుల్ మైనస్‌కు, ఎర్త్ (అతికే లోహానికి క్లాంపుతో తగిలించే కేబుల్) ప్లస్‌కు. రాడ్డు వెల్డింగ్ అలవాటున్న సహాయకుడు అలవాటు కొద్దీ టార్చిని ప్లస్‌కు పెట్టబోయాడు. అలా పెట్టి ఉంటే స్విచ్చి నొక్కిన కొద్ది క్షణాల్లోనే టంగ్‌స్టన్ కొన కరిగి గుండులా తయారయ్యేది. కనెక్టరును తోసి, కుడికి తిప్పి, కదలకుండా బిగించాలి. వదులుగా ఉంటే అక్కడే కాలడం మొదలవుతుంది. ఎర్త్ క్లాంపు కింద రంగు, తుప్పు గీకేయాలి.

సబ్బు నురగ తీసుకుని రెగ్యులేటరు దగ్గర, హోస్ పైపు రెండు చివర్ల, వాల్వు దగ్గర రాశాం. మిషను వెనక ఒక క్లిప్పు దగ్గర చిన్న బుడగ, ఆవగింజంత, లేచింది. తగ్గింది, మళ్లీ లేచింది. ఆర్గాన్‌కు వాసన లేదు, రంగు లేదు. ఆ బుడగే చెప్పాలి. క్లిప్పు మార్చాక నిలకడగా ఉంది.

ఇక టార్చి తల. మిషను ఆపే ఉంది. కొలెట్ బాడీ చేత్తో బిగించి, కొలెట్ వేసి, టంగ్‌స్టన్ పెట్టి, బ్యాక్ క్యాప్ (తల వెనక మూత) తిప్పితే రాడ్డు కదలకుండా ఉండాలి. బలం పెట్టి తిప్పితే కొలెట్ మెలితిరుగుతుంది, తర్వాత అది ఏ రాడ్డునూ సరిగా పట్టదు. గ్యాసు 8 లీటర్లు. ఆర్కు ఆపాక గ్యాసు పారే సమయం, ప్రతి 10 ఆంపియర్లకు ఒక సెకను, తక్కువలో తక్కువ ఐదారు సెకన్లు. ఆ కాసేపు టార్చిని అతుకు మీదే పట్టుకుని ఉండాలి. తొందరపడి ఎత్తేస్తే ఎర్రగా ఉన్న టంగ్‌స్టన్ గాలిలో కాలిపోతుంది.

ఒంటి మీదికి వచ్చేవి

టిగ్ ఆర్కులో పొగ తక్కువ కాబట్టి ప్రమాదం తక్కువ అనుకుంటారు. పొగ అడ్డు లేనందువల్లే అతినీలలోహిత కిరణాలు మరింత గట్టిగా తగులుతాయి. 50 నుంచి 100 ఆంపియర్లకు 10 లేదా 11వ నంబరు అద్దం వాడాలి. దానంతటదే నల్లబడే హెల్మెట్ కొనేవారు, తక్కువ ఆంపియర్ల టిగ్ ఆర్కును అది పసిగడుతుందో లేదో కాగితంలో చూసుకోవాలి. చవక రకాలు 30 ఆంపియర్ల దగ్గర మిణుకుమిణుకుమంటాయి. ఎంత ఉక్కగా ఉన్నా పూర్తి చేతుల చొక్కా, నూలుది.

రేకు మీది నూనె తుడవడానికి క్లోరిన్ ఉన్న ద్రావకాలు, కొన్ని బ్రేక్ క్లీనర్ల లాంటివి, వాడకూడదు. వాటి ఆవిరి మీద ఆర్కు వెలుగు పడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. అసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక మొదలుపెట్టండి. అసిటోన్ సీసా షెడ్డు అవతల ఉండాలి.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ట్యాంకు లోపలి పని. ఆర్గాన్ గాలికన్నా బరువు, సుమారు 1.4 రెట్లు. పాల ట్యాంకులోనో నీళ్ల ట్యాంకులోనో దిగి పనిచేస్తుంటే అది అడుగు నుంచి నిండుతూ వస్తుంది. ఊపిరాడనట్టు కూడా అనిపించదు, ఉన్నట్టుండి స్పృహ పోతుంది. గాలిలో ఆక్సిజన్ మామూలుగా 20.9 శాతం ఉంటుంది. 19.5కి తగ్గితే లోపల ఉండకూడదు. ఆక్సిజన్ మీటరు, లోపలికి గాలి తోలే బ్లోయరు, ట్యాంకు నోటి దగ్గర కదలకుండా ఒక మనిషి, ఈ మూడూ లేకుండా ట్యాంకులోకి దిగవద్దు. టీకి పైకి వచ్చేటప్పుడు టార్చి కూడా పైకి రావాలి, సిలిండరు వాల్వు మూయాలి. లోపల ఎవరైనా పడిపోతే వెంటనే దూకకండి. కాపాడబోయినవాడూ అక్కడే పడిపోతాడు. గ్యాసు ఆపి, గాలి తోలి, బయట నుంచే లాగండి. దిగేవాడి నడుముకు తాడు ముందే ఉండాలి.

టార్చి ఆరోగ్యం టంగ్‌స్టన్‌లో కనిపిస్తుంది

సాయంత్రం పని ఆపాక టంగ్‌స్టన్ కొన చూడండి. వెండిలా మెరుస్తుంటే అంతా బాగున్నట్టు. నీలంగా, ఊదాగా, నల్లగా ఉంటే గాలి తగులుతోందన్నమాట. ముందు ఆర్కు ఆపాక గ్యాసు పారే సమయాన్ని పెంచి చూడండి. అయినా మారకపోతే బ్యాక్ క్యాప్ విప్పి దాని రబ్బరు వలయం చూడండి. వేడికి ఎండి పగిలిన ఆ చిన్న వలయంలోంచి గాలి లోపలికి చేరుతుంది. వారం రోజులు గ్యాసును, రేకును, మిషనును అనుమానించి, చివరికి ఆ వలయం దగ్గర తేలిన సందర్భాలు నాకు ఒకటి కాదు. ఆ తర్వాత నాజిల్ అంచు పగులు, ఇన్సులేటరు, హోస్ పైపు.

కొలెట్ లోపల నల్లబడితే మార్చేయండి, ఉప్పు కాగితంతో రుద్ది సాగదీయవద్దు. లెన్సు జల్లెడకు లోహపు చుక్క అంటుకుంటే ఆర్గాన్ ఒక పక్కకే పోతుంది, అది కూడా మార్చవలసిందే. కేబుల్‌ను వారానికొకసారి పిడి నుంచి మిషను దాకా వేళ్లతో తడుముతూ పోతే, మెత్తబడిన చోటు, వేడెక్కే చోటు చేతికే తెలుస్తుంది. పిడి పగిలితే టేపు చుట్టి నడిపించకండి. ప్రతిసారీ టార్చిని కొక్కేనికి తగిలించండి. ఆ కొక్కెం ఇనుపదైతే రబ్బరు తొడగండి.

మేనల్లుడు చివరికి స్విచ్చి ఉన్న 17, నాలుగు మీటర్ల కేబుల్‌తో తీసుకున్నాడు. దాంతో పాటు గ్యాస్ లెన్సు, 6, 8 నంబర్ల నాజిళ్లు, 1.6, 2.4 నీలం రాడ్లు. డబ్బాలో ఎప్పుడూ రెండు కొలెట్లు, రెండు నాజిళ్లు, నాలుగు రబ్బరు వలయాలు ఉంచుతున్నాడు. ఈ మధ్య ఒక హోటలు వాళ్లు మందపాటి అల్యూమినియం ట్రాలీలు అడిగారట. అతని మిషనులో ఏసీ కరెంటు లేదు కాబట్టి ముందు అది ఉన్న మిషను కావాలి. ఆ ఆర్డరు ప్రతి నెలా వస్తుందని ఖాయమైన రోజున 18వ నంబరు, ఫ్లో స్విచ్చి ఉన్న కూలరు కొందామని చెప్పాను. ఇప్పుడున్న కొలెట్లు, నాజిళ్లు దానికీ సరిపోతాయి.